గ్రీన్ ఇంకు దిద్దుబాటు

"ఆ పెనం జర పక్కకు జరపండి. టేపు పోవాలె."

మురళీకృష్ణ అట్లకాడ ఆపి తలెత్తి చూసిండు. పొద్దున ఎనిమిది. బయట తుంపర. పర్ణశాల పోయే యాత్రికులు ఒక టెంపో నిండ దిగి, పెసరట్టు కోసం ప్లేట్లు పట్టుకొని నిలబడ్డరు. ఆ గుంపు నడుమ ఒక అమ్మాయి. మెడల ఐడీ కార్డు, భుజాన తడిసిన బ్యాగు, చేతిల పళ్లెమంత టేపు డబ్బా.

"పెనం జరగదు మేడమ్. పాతికేండ్ల నుంచి ఆడనే కూసున్నది. దాన్ని కదిపితే భద్రాచలంల గుడి గంటలు మోగుతయ్."

"మోగనియ్యండి. పంచాయతీ ఆర్డరు. గోడ నుంచి గోడకు కొలవాలె."

"గోడ ఏడికీ పోదు. టిఫిన్లు అయిపోయినంక రాండి."

"ఎప్పుడైపోతయ్?"

"అవి అయిపోతే హోటల్ మూతపడ్డట్టు."

యాత్రికులు నవ్విన్రు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలే. పెనం అంచున పొగలు కక్కుతున్న పెసరట్టును, దాని వెనక గోడను, గోడకు ఆనుకొని ఉన్న మురళీకృష్ణను ఒకే చూపుల కొలిచింది. మీటర్లు, సెంటీమీటర్లతో సహా కొలిచింది.

"ఈ కొస ఎవరన్న పట్టుకోవాలె" అన్నది.

అందరు ప్లేట్ల దిక్కు చూసుకున్నరు. ఆ హోటల్ల ప్లేటు దిక్కు చూడటానికి సాకు అక్కర్లేదు. అల్లం చట్నీ ఘాటుకు గోదారి అవతలి ఒడ్డున ఎద్దులు తుమ్ముతయని, ఒకసారి చట్నీ గిన్నె ఒలికితే వారం దాకా ఆ జాగల చీమ నడవలేదని ఊర్ల చెప్పుకుంటరు. మురళీకృష్ణ అట్లకాడను అమ్మ సీతారావమ్మ చేతిల పెట్టి, చేతులు తుడుచుకొని వచ్చి టేపు కొస అందుకున్నడు.

"అది సున్నా కొస. గట్టిగ పట్టుకోండి. మీరు వదిలితే నా లెక్కంత తప్పుతది."

"ఇప్పటిదాక నన్ను నమ్మి ఎవరూ ఏదీ ఇయ్యలే. ఇదే మొదలు" అన్నడు మురళీకృష్ణ.

ఆమె టేపు విప్పుకుంట వెనకకు నడిచింది. బెంచీలు దాటి, నీళ్ల డ్రమ్ము దాటి, అవతలి గోడ దాకా పోయింది. నలభై అడుగుల టేపుకు ఆ కొసన ఆమె, ఈ కొసన ఆయన. నడుమ యాత్రికులంతా వంగి టేపు కింది నుంచి దూరుతున్నరు. మురళీకృష్ణకు ఆ నలభై అడుగులు మస్తు దూరం అనిపించింది.

కొలత అయింది. కాయితం మీద సంతకం అడిగింది. ఆయన జేబుల నుంచి పెన్ను తీసి రాయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. మీరు గెజిటెడ్ ఆఫీసరా?"

"పెసరట్టు ఆఫీసరును."

"గ్రీన్ ఇంకుతోటి గెజిటెడ్ ఆఫీసర్లే సంతకం పెట్టాలె. నాకే ఆ భాగ్యం లేదు, మీకెట్లొచ్చింది?"

"మాది మెనూ బోర్డు. గ్రీన్‌తోటి రాస్తే పెసరట్టు రంగు వస్తది. ఖమ్మంల డజను కొనుక్కొచ్చిన."

ఆమె ఆ పెన్ను అందుకొని తన బ్యాగుల వేసుకుంది. "జప్తు" అన్నది. బ్లూ పెన్ను ఇచ్చింది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు చూసి పెనం మీద మాడుతున్న పెసరట్టు సంగతి సీతారావమ్మ కూడ మరిచింది.

గొడవ విని, ఇంటి వెనక నుంచి బసవపున్నయ్య వచ్చిండు. మురళీకృష్ణ నాయిన. ఎప్పుడో తిరువూరు దిక్కు నుంచి పొగాకు లారీ మీద వచ్చి ఈ ఇప్పలగూడెంల దిగినాయన. ఇన్నేండ్లయినా నోట్ల ఆంధ్రా మాట పోలే.

"ఎవరమ్మా నువ్వు? కొత్త సెక్రటరీవా?"

"పక్క పంచాయతీ సెక్రటరీని. ఈ ఊరికి ఇన్‌ఛార్జ్ ఇచ్చిన్రు. సోడె యశోద నా పేరు. గోపాలు బిడ్డను."

బసవపున్నయ్య చేతిల చుట్ట ఆడనే ఆగింది. హోటల్ల ఆయన నోరు మూతపడటం అందరు అదే మొదలు చూసుడు.

ఎందుకంటే ఆ హోటల్ నిలబడ్డ జాగ గోపాలుది.

ఆ జాగ ఎట్ల వచ్చిందో బసవపున్నయ్య ప్రతి యాత్రికునికి చెప్తడు. గోపాలు పెండ్లాం జంపక్కకు నొప్పులు వచ్చిననాడు గోదారి పొంగింది. రోడ్డు మీద తాటిచెట్టు ఎత్తు నీళ్లు. బసవపున్నయ్య ట్రాక్టర్ తీసిండు. ముందు చక్రాలు తేలుతుంటే వెనక చక్రాలతోటి ఈదించిండు. ఎదురొచ్చిన మొసలిని హారన్ కొట్టి పక్కకు పంపిండు. భద్రాచలం దవాఖానా ఇంక కోసు దూరం ఉన్నదనంగ ట్రాక్టర్ వెనక తొట్టిలనే ఆడపిల్ల పుట్టింది. ఆ కృతజ్ఞతకు గోపాలు, "పున్నయ్యా, రోడ్డు మీది జాగల హోటల్ పెట్టుకో, నీ ఇష్టమున్నన్ని దినాలు ఉండు" అన్నడు.

మొసలి మొదట్ల లేదు. నాలుగైదేండ్ల కిందట చేరింది.

గోపాలు పోయి ఏడేండ్లయింది. జాగ బిడ్డ పేరు మీదికి వచ్చింది. బిడ్డ హాస్టళ్లల్ల చదివి, పరీక్ష రాసి, నౌకరి తెచ్చుకొని, టేపు పట్టుకొని వచ్చింది.

గోపాలోళ్లు కోయోళ్లు. ఏజెన్సీ ఊర్లల్ల భూమి సంగతి వేరే. కోయోళ్లు కానోళ్లకు, ఏ గిరిజనులూ కానోళ్లకు, జాగ మీద హక్కు రాదు. కొన్నా రాదు, రాయించుకున్నా రాదు. వన్ ఆఫ్ సెవెంటీ చట్టం అని పేరు చెప్తే చిన్న పిల్లలకు కూడ ఎరుక. అయినా రోడ్డు పొడుగూత డాబాలు, దుకాణాలు లేచినయ్. అన్నీ మాట మీద నిలబడ్డయ్. ఇప్పుడు ఆర్డరు వచ్చింది. ప్రతి కట్టడానికి నివాస ధ్రువపత్రం ఇయ్యాలె. ఫారంల మూడు గడులు: హక్కుదారు ఎవరు, ఉంటున్నది ఎవరు, ఇద్దరికి సంబంధం ఏంది. ఇంటి మనుషులైతే కాయితం వస్తది. కాకపోతే గ్రామసభల తేలుస్తరు.

"మూడో గడిల ఏం రాద్దామంటావురా?" అని ఆ దినం నుంచి బసవపున్నయ్యకు ఒకటే ధ్యాస.

మురళీకృష్ణకు ధ్యాస వేరే.

యశోద వారానికి మూడు సార్లు ఊరికి వచ్చేది. కొలతల కాయితాలు అన్ని ఇండ్లకు ఉన్నయ్ గాని, హోటల్ కాయితానికే ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువ పడేది. ఒకనాడు వంటింటి కిటికీ కొలత. ఒకనాడు మెట్లు ఎన్ని.

"మెట్లు రెండు మేడమ్. పోయినసారి కూడ రెండే" అన్నడు మురళీకృష్ణ.

"వానలకు ఒకటి పెరిగిందేమోనని."

"పెరిగితే మీకే మొదలు చెప్త. కూసోండి, పెసరట్టు వేస్త."

"డ్యూటీల ఉన్న."

"పెసరట్టు కూడ డ్యూటీల ఉన్నది."

తినేది. చట్నీ గిన్నె తుడిచేది. కండ్లనిండ నీళ్లు వచ్చినా ఇంకొంచెం వేయమనేది. సీతారావమ్మ వంటింట్ల నుంచి చూసి, ఈ పిల్ల మన చట్నీని గెలిచిందిరా అన్నది.

ఒక సాయంత్రం వాన. పర్ణశాల రోడ్డు మీద ఆమె స్కూటీ పంక్చర్ అయితే, మురళీకృష్ణ బండి మీద దించిండు. అడవి కాడ వాన గట్టిగ పట్టుకుంటే ఇద్దరు బస్సు షెల్టర్ల నిలబడ్డరు. షెల్టర్‌కు పైకప్పు సగమే ఉన్నది. ఆ సగంల ఇద్దరు సర్దుకున్నరు.

"మీ నాయిన రోజూ ట్రాక్టర్ కత చెప్తడు కదా" అన్నది యశోద. "నేను పుట్టిన తేదీ ఒక్కసారన్న చెప్పిండా?"

"నీళ్లు ఎంత లోతో చెప్తడు."

"అవి ఏటా పెరుగుతయ్."

"నీకు ఎన్నేండ్లు?"

"ఆడోళ్లను అట్ల అడుగుతరా?"

"ఫారంల అడుగుతరు కదా. నేను ఫారం లెక్కనే అడుగుతున్న."

"మొన్న పన్నెండో తారీఖుకు ఇరవై ఆరు నిండినయ్. ఎవ్వరికీ చెప్పలే. ఆ రోజు మీ హోటల్ల పెసరట్టు తిన్న, అదే కేకు అనుకున్న."

మురళీకృష్ణకు యాదికొచ్చింది. ఆ రోజు మెట్లు లెక్కపెట్టేదానికి వచ్చింది. ఆయనకు గుండె ఎక్కడుంటదో ఆ వానల సరిగ్గ తెలిసింది.

యశోద బ్యాగును వాన పడని దిక్కుకు జరుపుకున్నది. తర్వాత ఆమెనే అన్నది.

"మా చిన్నమ్మను ఒకాయన చేసుకున్నడు. మీ దిక్కాయన్నే. చిన్నమ్మ పేరు మీద రెండు డాబాలు, రైస్ మిల్లు. మిల్లు బోర్డు మీద ఆమె పేరు ఎంత పెద్దగ ఉంటదో తెలుసా? ఆమె మాత్రం ఇప్పటికీ వెనక వాకిట్ల తింటది. వాళ్లింట్ల పెండ్లి ఫోటోల ఆమె లేదు. ఎవరన్న వస్తే పనిమనిషి అనుకుంటరు. ఆమె కూడ కాదనదు."

"అందరు గట్లనే ఉంటరా?"

"ఉండరు. కానీ ఉండనోడు ఎవరో ఎట్ల తెలుస్తది మురళి? నాకు ఇంక దేనికీ భయం లేదు. పాముకు భయం లేదు, మా ఆఫీసర్‌కు భయం లేదు. నన్ను చూసి నవ్వేటోడు నన్ను చూసి నవ్వుతున్నడా, నా పేరును చూసి నవ్వుతున్నడా, అదొక్కటే భయం."

మేడమ్ పోయి నువ్వు అయింది, హోటలాయన పోయి మురళి అయిండు. అది ఇద్దరూ గమనించిన్రు.

మరునాడు పొద్దుగాల మురళీకృష్ణ అమ్మతో చెప్పిండు. సీతారావమ్మ పిండి కలుపుతున్న చెయ్యి గిన్నెలనే మరిచింది.

"నాకిష్టమేరా. మీ నాన్నకి చెప్పేది ఎవరు? ఆయన పక్కింటి కులం వాళ్లతో కంచం పొత్తే లేదంటాడు."

బసవపున్నయ్యకు చెప్పేదానికి మురళీకృష్ణ మూడు దినాలు ధైర్యం కూడబెట్టుకున్నడు. తిడితే ఏమనాలె, కొడితే ఏమనాలె, ఇంట్ల నుంచి పొమ్మంటే ఏడికి పోవాలె, అన్నీ అనుకున్నడు. అన్నం తిని చుట్ట ముట్టించుకున్న యాళ్ల చూసి చెప్పేసిండు.

బసవపున్నయ్య చుట్ట తీసి కొడుకు దిక్కు చూసిండు. తర్వాత లేచి వచ్చి కొడుకు తల మీద చెయ్యి పెట్టిండు. పుట్టినప్పటి నుంచి పెట్టని చెయ్యి.

"బంగారం లాంటి మాట చెప్పావురా అబ్బాయ్. గోపాల్ని చిన్నప్పట్నుంచి మామా అనే పిలిచావుగా. చేసుకో. నేనే దగ్గరుండి చేస్తాను."

మురళీకృష్ణ నోరు తెరుచుకొని నిలబడ్డడు. ఇంత మంచి నాయిన తనకు ఉన్నడని ఇరవై తొమ్మిదేండ్లు తెలియకపాయె. కండ్లల్ల నీళ్లు వచ్చినయ్. సీతారావమ్మ మాత్రం వంటింటి గడప దాటి బయటికి రాలే. మొగుని సంగతి ఆమెకు తెలుసు. కొడుకు మొఖం చూసి ఊకున్నది.

ఆ మధ్యాన్నమే బసవపున్నయ్య ఫారం తెచ్చి బల్ల మీద పెట్టిండు. "రేపే ఆఖరు తేదీ. మండలాఫీసులో ఇచ్చి వస్తాను. నివాసి కొడుకు కూడా సంతకం పెట్టాలంట."

మురళీకృష్ణ చదివిండు. మొదటి గడి: సోడె యశోద, వయసు 28. రెండో గడి: బసవపున్నయ్య కుటుంబం. మూడో గడి: సంబంధం, కాబోయే కోడలు. కుమారుడు మురళీకృష్ణకు హక్కుదారుతో వివాహం నిశ్చయమైనది.

"నాయినా, నేను ఇంకా ఆమెను అడగనే లేదు."

"అడుగుతావుగా?"

"అడుగుత."

"ఆ పిల్ల కాదంటుందా?"

మురళీకృష్ణకు బస్సు షెల్టర్, సగం పైకప్పు యాదికొచ్చినయ్. "అనదనుకుంట."

"మరింకేం? నువ్వు పది రోజుల తర్వాత చెప్పే మాటే నేను పది రోజుల ముందు రాశాను. అబద్ధం ఏముంది అందులో?"

సంతోషంల ఉన్న మనిషికి అది సరిగ్గనే వినబడ్డది. ఎట్లనూ నిజం కాబోయేదే కదా అనుకున్నడు. కానీ ఒక్క తప్పు కండ్లకు గుచ్చుకున్నది. ఇరవై ఎనిమిది. జేబుల నుంచి గ్రీన్ పెన్ను తీసి, 28 కొట్టేసి, పైన 26 అని దిద్దిండు. ఆమె పుట్టిన రోజు తనకొక్కనికే తెలుసన్న గర్వంతోటి దిద్దిండు. కింద సంతకం పెట్టిండు.

పది దినాల తర్వాత పర్ణశాల ఒడ్డున గోదారి దగ్గర అడిగిండు. ఆదివారం. ఎండ పడుతున్నా సన్న చినుకులు. రేవు మెట్ల మీద యశోద కూసున్నది. మురళీకృష్ణ మూడు దినాలు నేర్చుకొని వచ్చిన మాటలన్నీ మరిచి, ఒక్క ముక్కల అడిగేసిండు.

"నన్ను చేసుకుంటవా?"

ఆమె బ్యాగు తీసి, అందుల నుంచి ఒక జిరాక్స్ తీసి ఆయన ఒళ్ల పెట్టింది.

"ఇది పోయిన బుధవారం నా టేబుల్ మీదికి వచ్చింది. నన్ను పెండ్లి అడిగినట్టు మండలాఫీసుల ముందు తెలిసింది. మా సూపరింటెండెంట్ స్వీట్లు ఎప్పుడని అడిగిండు. నాకు ఇయ్యాల తెలిసింది."

మురళీకృష్ణ కాయితం మడత విప్పి తన సంతకం చూసుకున్నడు.

"ఒక్కటే అడుగుత" అన్నది యశోద. "చదివి పెట్టినవా సంతకం, చదవకుండనా?"

చదవలేదంటే అయిపోయేది. నాయిన మోసం చేసిండంటే ఎవరైనా నమ్ముతరు. ఊరంతా నమ్ముతది. మురళీకృష్ణ నోటి దాక వచ్చింది ఆ మాట.

"చదవలేదంటే నమ్ముదామనే ఇంటి నుంచి బయలుదేరిన" అన్నది ఆమె. వేలుతోటి జిరాక్స్ మీద చూపించింది. జిరాక్స్‌ల గ్రీన్ నల్లగనే పడ్డది. అయినా ఇద్దరికీ అది గ్రీనే. "కానీ ఈ ఇరవై ఆరు ఎవరు దిద్దిన్రు మురళి? నా వయసు ఈ లోకంల మా అమ్మకు, నీకు తెలుసు. మా అమ్మకు రాయరాదు."

"చదివే పెట్టిన" అన్నడు మురళీకృష్ణ.

"అవ్."

"నీ మీద ప్రేమ అబద్ధం కాదు యశోదా. ఫారం రాకముందు నుంచే..."

"అబద్ధమని నేనన్ననా?" ఆమె జిరాక్స్ వాపస్ గుంజుకున్నది. "అబద్ధమైతే బాగుండు. నాలుగు తిట్టి, టేపు చుట్టుకొని పోయేదాన్ని. ఇది దిద్దినోనికి నేనంటే పాణం. కింద సంతకం పెట్టినోనికి జాగ కావాలె. ఇద్దరూ నువ్వే. ఒకే పెన్ను."

"నాయినకు చెప్పి ఫారం వాపస్ తీసుకుంట."

"రిజిస్టర్ల ఎక్కింది. ఇప్పుడు నేను అవునంటే ఆ కాయితం నిజమైతది. కాదంటే మీ హోటల్ పోతది. నన్ను అడగకముందే నన్ను ఈ నడుమల నిలబెట్టినవు. మా చిన్నమ్మను కూడ ఎవరూ కొట్టి తీసుకపోలేదు. గిట్లనే నవ్వుకుంట తీసుకపోయిన్రు."

లేచింది. చున్నీ అంచు పిండింది. పిండేదానికి అందుల అన్ని నీళ్లు లేవు.

"రేపు సోమారం గ్రామసభ. ఆఫీసర్ అడుగుతడు. నేను నోరు తెరిస్తే జాగ కోసం తెరిచింది అంటరు. జవాబు నువ్వే ఇయ్యి."

గ్రామసభ పంచాయతీ ఆఫీసు ముందటి రేకుల షెడ్డు కింద. బసవపున్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొని ముందు కుర్చీల కూసున్నడు. సీతారావమ్మ సంచిల కొత్త చీర, పసుపు కుంకుమలు తెచ్చింది. ఎవరు తెమ్మన్నరో ఆమెకే తెలియదు. జంపక్క నేల మీద, ఆడోళ్ల నడుమ. యశోద పక్కన బల్ల దగ్గర రిజిస్టర్ ముందు తల వంచుకొని.

మండల పంచాయతీ అధికారి వెంకటనారాయణ కండ్లద్దాలు ముక్కు మీదికి జార్చి ఫారం చదివిండు.

"వివాహం నిశ్చయమైనది అని రాసిన్రు. సెక్రటరీ మా మనిషే, కాబట్టి నేను ఆమెను అడగ. బాబూ, నువ్వు చెప్పు. హక్కుదారుతోటి మీకు సంబంధం ఏంది?"

మురళీకృష్ణ లేచిండు. షెడ్డు మీద వాన దంచుతున్నది. నాయిన మొఖం ఇంత వెలుగుతున్నది. అమ్మ సంచి గట్టిగ పట్టుకున్నది. యశోద పెన్ను రిజిస్టర్ మీద ఆగి ఉన్నది, తల ఎత్తలే.

"సంబంధం లేదు సార్."

"ఏందీ?"

"ఏ సంబంధం లేదు. పెండ్లి నిశ్చయం కాలే. జాగ గోపాలు మామది. ఉండమని నోటి మాట ఇచ్చిండు, ఉన్నం. ఆ మాట తప్ప మాకు ఏ హక్కు లేదు. అది చదివి కూడ నేనే సంతకం పెట్టిన. తప్పు నాదే."

బసవపున్నయ్య లేచిండు. "ఒరేయ్, నీకేమన్నా పిచ్చా? పాతికేళ్లు... ఆ వరదలో ప్రాణాలకి తెగించి..."

"పున్నయ్యా, కూసో" అన్నది జంపక్క. సన్నని గొంతు. అయినా ఆయన కూసున్నడు. ఆమె లేచి నిలబడ్డది.

"ఆ రోజు నీళ్లు మోకాలు లోతే. మొసలి లేదు. బిడ్డ దవాఖానల మంచం మీదనే పుట్టింది. కానీ ట్రాక్టర్ పెట్టింది నిజం. ఎవ్వరూ రాకపోతే నువ్వు వచ్చినవు. అది నేను మరువ, నా పెనిమిటి కూడ మరువలే. అందుకే కాయితం అడగకుండ ఇన్నేండ్లు ఉండనిచ్చినం. ఇంకా ఉండనిత్తుమేమో. నువ్వు బిడ్డను కూడ జాగల కలిపి రాసుకున్నవు." ఊపిరి తీసుకున్నది. "దసరా దాక ఉండుర్రి. పొయ్యిలు ఒకేసారి ఆర్పుకునుడు కష్టం."

వెంకటనారాయణ సభ దిక్కు చూసిండు. చేతులు లేచినయ్. యశోద రాసింది. ఆ షెడ్డు కింద అందరికీ పెన్ను గీకిన చప్పుడు వినబడ్డది.

"ఫారంల దిద్దుబాట్లు ఉన్నయమ్మా" అన్నడు వెంకటనారాయణ. "ఒప్పుకున్న దిద్దుబాటు పక్కన హక్కుదారు పొట్టి సంతకం పెట్టాలె. లేకపోతే చెల్లదు. చూసి పెట్టు."

"చూసి పెడ్త సార్."

బసవపున్నయ్య ఆ దినం నుంచి కొడుకుతో మాట్లాడలే. యాత్రికులకు కత చెప్పుడు కూడ బంద్ చేసిండు. చట్నీల ఘాటు తగ్గిందని డ్రైవర్లు అన్నరు. సీతారావమ్మ కొత్త చీరను దుకాణంల వాపస్ ఇయ్యలే, కట్టుకోలే.

దసరా ఎల్లిన మరునాడు సామాన్లకు డీసీఎం లారీ వచ్చింది. బెంచీలు, డ్రమ్ములు, గిన్నెలు ఎక్కిచ్చిన్రు. ఖమ్మంల ఖానాపురం హవేలి దిక్కు హోటల్ పెట్టుకునేదానికి చిన్న మడిగె కిరాయికి దొరికింది. పెనాన్ని నలుగురు పట్టి లేపిన్రు. భద్రాచలంల గంటలేం మోగలే.

ఖాళీ హోటల్‌కు యశోద టేపు పట్టుకొని వచ్చింది.

"అంగన్‌వాడీకి ఇస్తున్నం. మళ్లా కొలవాలె."

మురళీకృష్ణ అడగకముందే పోయి సున్నా కొస పట్టుకున్నడు. ఆమె గోడ దాకా నడిచింది. నడుమ వంగి దూరేటోళ్లు ఎవరూ లేరు. నలభై అడుగులు నలభై అడుగులే.

"సభల నిజం చెప్పిన" అన్నడు, ఆ కొస నుంచే.

"విన్న. రాసింది నేనే కదా."

"మళ్లా అడగొద్దా?"

ఆమె కొలత చూసి, చేతి మీద రాసుకున్నది. "ఈ రోడ్డు మీద నా పేరుకు ఏ విలువ లేనినాడు రా. అప్పుడు నన్ను చూసి నవ్వు. నమ్ముత."

"అది ఎప్పుడైతది?"

"నేనున్నన్ని దినాలు కాదనుకుంట." నవ్వబోయింది, రాలే. "ఇగ వదులు మురళి. కొలత అయింది."

వదిలిండు. టేపు నేల మీద జారుకుంట, గోడలను కొట్టుకుంట పోయి డబ్బాల పడ్డది. ఆమె ఒక కవర్ ఇచ్చింది. "మీ కాపీ. అడ్రస్ మార్చుకునేదానికి పనికొస్తది."

తల్లాడ దాటినంక డీసీఎం టీ కోసం ఆగింది. బసవపున్నయ్య ముందు సీట్ల కండ్లు మూసుకొని ఉన్నడు. మురళీకృష్ణ వెనక బెంచీల నడుమ కూసొని కవర్ విప్పిండు.

మూడో గడి అంతా బ్లూ ఇంకుతోటి కొట్టేసి ఉన్నది. పైన 'సంబంధం లేదు' అని గుండ్రటి అక్షరాలు. పక్కన బ్లూ ఇంకుతోటే పొట్టి సంతకం. మొదటి గడిల ఆయన దిద్దిన 26 మాత్రం అట్లనే ఉన్నది. దాన్ని కొట్టెయ్యలే. దాని పక్కన కూడ ఒక పొట్టి సంతకం.

అది గ్రీన్ ఇంకుతోటి.

గ్రీన్ ఇంకుతోటి రాసే హక్కు ఆమెకు లేదు. ఆ మాట ఆమెనే చెప్పింది. జప్తు చేసిన పెన్నుకు రసీదు ఇయ్యనే లేదు.

"ఏంట్రా అది?" అన్నది సీతారావమ్మ, గిన్నెల మూట మీద నుంచి.

"ఏం లేదమ్మా. ఒక దిద్దుబాటు. చెల్లిందట."

కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. ఖమ్మం ఇంకా గంటన్నర ఉన్నది.